నగర ప్రణాళిక, అందుబాటు ఇళ్లు: జనం మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

మాస్టర్ ప్లాన్ ముసాయిదాల మీద జరిగే సమావేశాల్లో కూర్చుని జనానికి జవాబులు చెప్పడం చాలా ఏళ్లుగా నా పని. సమావేశం ఎక్కడైనా ప్రశ్నలు మాత్రం అవే వస్తాయి. ఒకసారి గోడకు తగిలించిన మ్యాపు ముందు ఒక పెద్దావిడ చాలాసేపు నిలబడి, "మా ఇల్లు ఏ రంగులో ఉంది బాబూ?" అని అడిగారు. ఆవిడ చెప్పిన గుర్తుల్ని బట్టి వెతుక్కుంటూ వెళ్తే, వేలు ఆగిన చోట ఇళ్లకు వాడే పసుపు రంగు లేదు. రాబోయే రోడ్డు తాలూకు బూడిద రంగు గీత ఉంది. ఆ సందులో ఉన్న ముప్పై ఇళ్లలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. ఇలాంటి సందేహాలకు ఒకచోట జవాబులు ఉండాలని ఈ పేజీ రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదట వచ్చే సందేహాలు

"అందుబాటు ధర" అంటే ఎంత? ఎవరికి అందుబాటు?

ఎక్కువగా వాడే కొలత ఒకటుంది. ఇంటికయ్యే ఖర్చు కుటుంబ ఆదాయంలో 30 శాతం దాటకూడదు. లెక్క సులువే గానీ ఇందులో రెండు చిక్కులున్నాయి. బాగా సంపాదించే కుటుంబం 40 శాతం ఇంటికి పెట్టినా తిండికీ చదువులకూ లోటుండదు. రోజు కూలీతో గడిచే కుటుంబం 25 శాతం పెట్టినా నెలాఖరుకు చేబదులు కోసం తిరగాల్సి వస్తుంది. రెండో చిక్కు దారి ఖర్చు. దూరంగా వెళ్తే ఇల్లు చవక, కానీ మిగిలిందంతా బస్సు చార్జీలకీ పెట్రోలుకీ పోతుంది. అందుకే షికాగోలోని ఒక పరిశోధన సంస్థ ఇల్లు, ప్రయాణం రెండూ కలిపి 45 శాతం దాటకూడదని వేరే కొలత తెచ్చింది. ఏ పథకం ప్రకటన చూసినా నేను మొదట అడిగేది కూడా ఇదే. ఆ ఇంటి నుంచి పనికి వెళ్లి రావడానికి నెలకెంత అవుతుంది?

ప్రభుత్వం ఇళ్లు కట్టించి ఇచ్చేస్తే సరిపోతుంది కదా, మధ్యలో ఈ ప్లానింగ్ ఎందుకు?

దక్షిణాఫ్రికాలో 1994 తర్వాత వచ్చిన ప్రభుత్వం 30 లక్షలకు పైగా ఇళ్లు కట్టించి పేదలకు ఇచ్చింది. అంత పెద్ద ఎత్తున కట్టించిన ప్రభుత్వాలు ప్రపంచంలో చాలా తక్కువ. అయితే ఒక్కో ఇంటికి కేటాయించిన డబ్బుకు నగరం లోపల భూమి దొరకలేదు. దొరికింది ఊరి చివర, చాలాచోట్ల వర్ణవివక్ష పాలనలో నల్లజాతి వాళ్లను నెట్టేసిన వైపే. ఇల్లు వచ్చింది, పని మాత్రం తెల్లవారుజామున లేచి రెండు బస్సులు మారితే గానీ అందనంత దూరంలో ఉండిపోయింది. చట్టం మారినా పాత మ్యాపు మారలేదు. ఇల్లు ఎన్ని గదులన్న దానికంటే ఎక్కడ ఉందన్నదే బతుకును ఎక్కువగా మారుస్తుంది. ఆ "ఎక్కడ" అన్నది తేల్చేది ప్లానింగే.

ఒకపక్క ఇళ్లు లేనివాళ్లు, ఇంకోపక్క తాళం వేసిన ఇళ్లు. ఇదెలా సాధ్యం?

ఖాళీ ఇళ్లన్నీ ఒక రకం కావు. మెక్సికోలో 2000 తర్వాత గృహ రుణాలు విరివిగా ఇచ్చి, నగరాలకు చాలా దూరంలో ఒకే మూసలో పెద్ద పెద్ద కాలనీలు కట్టారు. 2010 జనగణన నాటికి దేశంలో దాదాపు 50 లక్షల ఇళ్లు ఖాళీగా తేలాయి. అన్నీ ఆ కాలనీలవే అనలేం గానీ, ఆ కాలనీల్లో వరసకు వరస వదిలేసి వెళ్లిపోయిన మాట నిజం. నీళ్లు సరిగా రావు, బడి దూరం, ఆఫీసుకు వెళ్లి రావడానికే రోజులో మూడు నాలుగు గంటలు. కొన్నవాళ్లే తాళం వేసి నగరంలో అద్దెకు దిగారు.

రెండో రకం పెట్టుబడి కోసం కొని ఊరికే ఉంచేసినవి. వీటి మీద వాంకూవర్ 2017 నుంచి ఏటా పన్ను వేస్తోంది, వాటిలో కొన్ని అద్దెకు వచ్చాయి కూడా. మొదటి రకానికి పన్ను పనిచేయదు. అక్కడికి బస్సు, బడి, పని వెళ్లాలి.

ప్రభుత్వం దేనికి మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి?

జనం రాకముందే వీధులు గీసిపెట్టడం. ఈ మాట చెబితే చాలామంది నిరాశపడతారు, ఇళ్ల సంఖ్య చెబుతానని అనుకుంటారు. న్యూయార్క్ 1811లోనే 155వ వీధి దాకా గీతలు గీసి పెట్టుకుంది. అప్పటికి జనమంతా దీవి దక్షిణపు కొసన ఉన్నారు, మిగతాదంతా పొలాలూ గుట్టలే. బార్సిలోనాలో ఇల్దెఫోన్స్ సెర్దా వేసిన విస్తరణ ప్లాన్‌కు 1859లో ఆమోదం దొరికింది. మామూలు వీధికి కూడా 20 మీటర్ల వెడల్పు పెట్టాడాయన. కార్లు పుట్టకముందు గీసిన ఆ వీధుల్లోనే ఇవాళ బస్సులు, చెట్లు, సైకిళ్లు పడుతున్నాయి.

పొలంగా ఉన్నప్పుడు రోడ్డుకూ పెద్ద పైపులకూ జాగా వదలడానికి పెద్దగా ఖర్చుండదు. ఇళ్లు లేచాక అదే జాగా కావాలంటే కూల్చాలి, పరిహారం ఇవ్వాలి, కోర్టుల్లో ఏళ్లు గడవాలి. కాబట్టి నన్నడిగితే ముందు వీధులు, నీటి పైపులు, మురుగు కాలువల దారి. తర్వాత బస్సు, రైలు. ఆ తర్వాత ఇళ్లు. చాలాచోట్ల ఇది తలకిందులుగా జరుగుతుంది, ఎందుకంటే ఇంటి తాళాలు ఇస్తూ ఫొటో దిగొచ్చు, భూమిలో పైపుతో ఎవరూ దిగరు.

సుస్థిర అభివృద్ధి అంటే చెట్లు నాటడమేనా?

చెట్లు అందులో ఒక భాగం. 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న లక్ష్యాల్లో 11వది నగరాల గురించి. దాని కింద ఒక మంచి కొలత ఉంది. నగరం భూమిని ఎంత వేగంగా తింటోంది, జనాభా ఎంత వేగంగా పెరుగుతోంది అన్న రెండిటినీ పోల్చడం. జనాభా కంటే భూమి వాడకం వేగంగా పెరుగుతుంటే పైపులు పొడవవుతాయి, ప్రయాణాలు పొడవవుతాయి, పొలాలూ చెరువులూ తరుగుతాయి. మీ నగరం గురించి ఒకే ఒక్క అంకె అడగాలనుకుంటే దీన్ని అడగండి.

## భూమి దగ్గర వచ్చే ప్రశ్నలు

మెట్రో వస్తుందనగానే చుట్టుపక్కల స్థలాల ధరలు పెరిగిపోతాయి. ఆ లాభం అంతా ఎవరికి పోతోంది?

ఏమీ చేయకపోతే అక్కడ అప్పటికే స్థలం ఉన్నవాళ్లకు, ముందుగా కబురు తెలిసి కొనుక్కున్నవాళ్లకు పోతుంది. రైలుకు డబ్బు పెట్టింది జనం, ధర పెరిగింది స్థలం యజమానికి, అద్దె పెరిగింది మళ్లీ ఆ జనానికే. ఇది మార్చలేనిదేమీ కాదు. హాంకాంగ్‌లో రైలు సంస్థకు స్టేషన్లు, డిపోల పైన కట్టుకునే హక్కును రైలు రాకముందున్న భూమి ధరకు ఇస్తారు. రైలు వచ్చాక పెరిగిన విలువతో ఆ సంస్థ తన ఖర్చు చాలావరకు రాబట్టుకుంటుంది. సావో పాలో 2004 నుంచి కొన్ని ప్రాంతాల్లో అదనపు అంతస్తుల హక్కును పత్రాలుగా చేసి వేలం వేస్తోంది. ఎక్కువ ఎత్తు కట్టాలంటే బిల్డర్ వాటిని కొనాలి. ఆ డబ్బు అదే ప్రాంతంలోనే ఖర్చు పెట్టాలన్నది షరతు, అందులోంచి మురికివాడల కుటుంబాలకు ఇళ్లు కూడా కట్టారు.

ముఖ్యమైనది సమయం. రైలు ప్రకటనకు ముందే ఈ నిబంధన ఉండాలి. ధరలు పెరిగాక తెస్తే దాన్ని ఎవరూ ఒప్పుకోరు.

భూమి లాక్కోకుండా రోడ్లకూ పార్కులకూ జాగా ఎలా తీస్తారు?

భూముల పునర్విభజన అనే పద్ధతి ఉంది. వంకర టింకరగా, దారి కూడా లేకుండా ఉన్న వంద కమతాలను కాగితం మీద ఒకటిగా కలుపుతారు. అందులోంచి రోడ్లు, పార్కు, బడి, కొన్ని పేదల ఇళ్ల స్థలాలు తీసి, మిగిలినది యజమానులకు వాళ్ల వాటా ప్రకారం తిరిగి ఇస్తారు. వెయ్యి చదరపు మీటర్లు ఇచ్చినవాళ్లకు 600 వస్తుందనుకుందాం. విస్తీర్ణం తగ్గింది, కానీ ఇప్పుడది నలుచదరంగా, రోడ్డు ముఖంతో, నీటి కనెక్షన్‌తో ఉంది, కాబట్టి విలువ పెరుగుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ కోసం 1902లో దీనికి ఒక చట్టమే వచ్చింది. జపాన్‌లో పట్టణ భూమిలో దాదాపు 30 శాతం ఇలా తయారైనదే. గుజరాత్‌లో టౌన్ ప్లానింగ్ స్కీములు అంటారు, వాటి మూలం 1915 నాటి బొంబాయి చట్టంలో ఉంది.

ఇందులో నన్ను ఇబ్బంది పెట్టే విషయం ఒకటుంది. లెక్క అంతా పట్టా ఉన్నవాళ్లతోనే నడుస్తుంది. ఆ భూమిని కౌలుకు చేసేవాళ్లు, అందులో కూలికి వెళ్లేవాళ్లు, గట్టు పక్కన గుడిసె వేసుకున్నవాళ్లు ఆ కాగితం మీద కనిపించరు. స్కీము ప్రకటించే రోజే వాళ్ల పేర్లు కూడా రాసుకుని, ఏం ఇస్తారో చెప్పాలి. తర్వాత చూద్దాం అన్నది ఎప్పటికీ జరగదు.

సింగపూర్‌లో దాదాపు అందరికీ ప్రభుత్వ ఇళ్లే. మిగతా ప్రభుత్వాలు ఆ పని ఎందుకు చేయలేకపోతున్నాయి?

సింగపూర్‌లో గృహ నిర్మాణ బోర్డు 1960లో మొదలైంది. మొదటి ఐదేళ్లలోనే 50 వేలకు పైగా ఫ్లాట్లు కట్టింది. ఇప్పుడు అక్కడి నివాసుల్లో దాదాపు ప్రతి ఐదుగురిలో నలుగురు బోర్డు ఫ్లాట్లలోనే ఉంటారు. ఫొటోల్లో కనిపించేది భవనాలు. కనిపించనివి రెండు చట్టాలు. 1966లో వచ్చిన భూసేకరణ చట్టం వల్ల ప్రభుత్వం తక్కువ ధరకు భూమి తీసుకోగలిగింది. 1968 నుంచి ఉద్యోగుల భవిష్య నిధిని ఇంటి వాయిదాలకు వాడుకోనిచ్చారు. పైగా ఇచ్చేది 99 ఏళ్ల లీజే, భూమి ప్రభుత్వానిదే.

భూమి చాలావరకు ప్రైవేటు చేతుల్లో ఉండి, ఎక్కువమందికి భవిష్య నిధే లేని చోట ఆ నమూనాను అలాగే ఎత్తుకొచ్చి పెట్టలేం. అంత తక్కువ పరిహారంతో భూమి తీసుకోవడం అన్నిచోట్లా న్యాయం కూడా అనిపించుకోదు. నేర్చుకోదగింది మాత్రం ఉంది. ప్రభుత్వం చేతిలో ఇప్పటికే ఉన్న భూమిని వేలానికి పెట్టేయకుండా లీజు మీద ఇవ్వడం.

## నిబంధనల దగ్గర వచ్చే ప్రశ్నలు

ఎక్కువ అంతస్తులకు అనుమతి ఇస్తే ఇళ్ల ధరలు నిజంగా తగ్గుతాయా?

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ 2016లో తన నివాస ప్రాంతంలో దాదాపు ముప్పాతిక భూమి మీద ఇదివరకటి కంటే ఎక్కువ ఇళ్లు కట్టుకోవచ్చని నిబంధన మార్చింది. ఐదారేళ్లలో ఏటా ఇచ్చే నిర్మాణ అనుమతులు రెండింతలు దాటాయి. వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఆకాశాన్నంటే టవర్లు కావు, ఒకదానికొకటి ఆనుకుని రెండు మూడు అంతస్తుల్లో ఉండే చిన్న ఇళ్లు. నిబంధన మార్చకపోయి ఉంటే అద్దెలు ఇంకా ఎక్కువగా ఉండేవని అక్కడి పరిశోధకులు తేల్చారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ధరలు రాత్రికి రాత్రి పడిపోవు, పెరుగుదల నెమ్మదిస్తుంది. అనుమతి ఒకటి రెండు వీధులకే ఇస్తే ఆ రెండు వీధుల్లో స్థలం ధర ఎగబాకుతుంది, అంతే. నగరంలో ఎక్కువ భాగానికి ఇచ్చినప్పుడే పోటీ వస్తుంది. ఎత్తు వేరు, సాంద్రత వేరు అన్నది కూడా మనసులో పెట్టుకోండి. విశాలమైన ఖాళీల మధ్య ముప్పై అంతస్తుల టవరూ, వరసగా కట్టిన ఐదంతస్తుల ఇళ్లూ ఎకరానికి దాదాపు సమానంగా జనాన్ని పట్టించగలవు. ఐదంతస్తులవి కట్టడానికీ చవక, నిర్వహణకూ చవక.

చిన్న స్థలంలో ఇల్లు కట్టుకుంటామంటే అనుమతి ఎందుకు ఇవ్వరు?

గాలి, వెలుతురు, అగ్నిప్రమాదాల భయంతో మొదలైన నిబంధన ఇది. చాలాచోట్ల కనీస స్థలాన్ని ఎంత పెద్దదిగా పెట్టేశారంటే, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబం చట్టబద్ధంగా కొనగలిగే ముక్కే లేకుండా పోయింది. వాళ్లేం చేస్తారు? అనుమతి లేని లేఅవుట్‌లో కొంటారు. నిబంధన వల్ల ఇల్లు పెద్దదవలేదు, చట్టం బయటికి పోయింది.

హ్యూస్టన్ 1998లో నగరం నడిబొడ్డున ఇంటికి కావలసిన కనీస స్థలాన్ని 5,000 చదరపు అడుగుల నుంచి 1,400కు తగ్గించింది. ఒక పాత ఇల్లున్న జాగాలో మూడు చిన్న ఇళ్లు లేచాయి. 2013లో ఆ వెసులుబాటును నగరమంతటికీ ఇచ్చారు.

పార్కింగ్ తప్పనిసరి చేయకపోతే బండ్లన్నీ రోడ్డు మీదికి రావా?

ఒక కారు నిలపడానికి, తిప్పుకోవడానికి కలిపి 25 నుంచి 30 చదరపు మీటర్లు కావాలి. ఒక చిన్న కుటుంబం ఉండే గది, వంటిల్లు అందులో పడతాయి. కారు లేని కుటుంబం కూడా ఫ్లాటుతో పాటు ఆ జాగాకు డబ్బు కడుతోంది. అమెరికాలోని బఫెలో నగరం, మెక్సికో సిటీ రెండూ 2017లో ఈ కనీస పార్కింగ్ నిబంధనను తీసేశాయి.

రోడ్డు మీది బండ్ల సమస్యకు వేరే దారి ఉంది. జపాన్‌లో 1962 నుంచి ఒక చట్టం ఉంది. కారు కొనాలంటే దాన్ని పెట్టుకోవడానికి ఇంటి దగ్గర్లో జాగా ఉందని ముందు రుజువు చూపించాలి. భారం ఇల్లు కొనేవాళ్ల మీద కాకుండా కారు కొనేవాళ్ల మీద పడుతుంది. నాకు ఇదే న్యాయంగా తోస్తుంది.

ప్రైవేటు బిల్డర్లు కొన్ని ఫ్లాట్లు తక్కువ ధరకు ఇవ్వాలన్న రూలు పనిచేస్తుందా?

రూలు ఎలా రాశారన్న దాన్ని బట్టి. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని మాంట్‌గోమరీ కౌంటీ 1974లోనే ఇది తెచ్చింది. బదులుగా బిల్డర్‌కు కొన్ని అదనపు ఇళ్లు కట్టుకునే వీలు ఇచ్చింది. వేల ఇళ్లు వచ్చాయి. కానీ మొదట్లో ధర మీద అదుపు ఐదేళ్లే పెట్టారు. ఐదేళ్లు గడవగానే చాలా ఇళ్లు మార్కెట్ ధరకు అమ్ముడుపోయాయి. తర్వాత ఆ గడువును దశాబ్దాలకు పెంచారు.

ఫ్రాన్స్ 2000లో చట్టం చేసి, పెద్ద నగర ప్రాంతాల్లోని పట్టణాల్లో 20 శాతం ఇళ్లు సామాజిక గృహాలు, అంటే తక్కువ అద్దెకు ఇచ్చే ఇళ్లు కావాలంది, 2013లో చాలా పట్టణాలకు దాన్ని 25 శాతం చేసింది. కొన్ని సంపన్న పట్టణాలు ఇళ్లు కట్టడం కంటే జరిమానా కట్టడానికే ఇష్టపడ్డాయి. కాబట్టి ఇలాంటి రూలు చదివేటప్పుడు మూడు చూడండి. తక్కువ ధర ఎన్నేళ్లు ఉంటుంది, ఆ ఫ్లాట్లు అదే స్థలంలో ఉంటాయా, డబ్బు కట్టి తప్పించుకునే దారి ఉందా.

అద్దెలు పెంచకూడదని చట్టం చేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

ఇప్పటికే అద్దెకు ఉన్నవాళ్లకు అది పెద్ద ఊరట, ఇల్లు మారాల్సిన టెన్షన్ తగ్గుతుంది. కొత్తగా ఇల్లు వెతుక్కునేవాళ్లకు కష్టమవుతుంది. అమెరికాలోని సెయింట్ పాల్ నగరంలో 2021లో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా ఏటా 3 శాతమే పెంచాలన్న పరిమితి వచ్చింది, కొత్త ఇళ్లకు కూడా. వెంటనే నిర్మాణ అనుమతుల దరఖాస్తులు బాగా పడిపోయాయి. మరుసటి ఏడు కొత్త ఇళ్లకు 20 ఏళ్ల మినహాయింపు ఇచ్చారు. బెర్లిన్ 2020లో అద్దెలు స్తంభింపజేస్తే, ఆ పరిధిలోని అద్దె ఇళ్ల ప్రకటనలు తగ్గిపోయాయి, 2021లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది. ఉన్నపళంగా ఖాళీ చేయించకుండా, ఒకేసారి విపరీతంగా పెంచకుండా రక్షణ ఉండాలి. దానితో పాటు కొత్త ఇళ్లూ రావాలి.

## డబ్బు, కట్టడం

ఇంటి లోన్ మీద సబ్సిడీ ఇస్తే మంచిదా, నేరుగా ఇళ్లు కట్టిస్తే మంచిదా?

కొత్త ఇళ్లు తేలిగ్గా కట్టగలిగే చోట లోన్ సబ్సిడీ పనిచేస్తుంది. భూమి, అనుమతులు దొరకని చోట అదే సబ్సిడీ ధరలో కలిసిపోయి అమ్మేవాళ్ల జేబులోకి వెళ్తుంది. ఇంగ్లండ్‌లో 2013లో కొత్త ఇల్లు కొనేవాళ్లకు ప్రభుత్వం రుణం ఇవ్వడం మొదలుపెట్టింది. లండన్ చుట్టుపక్కల ప్రధానంగా ధరలు పెరిగాయని, కట్టుకోవడానికి వీలున్న ఇతర ప్రాంతంలో మాత్రం నిర్మాణం పెరిగిందని ఆర్థికవేత్తలు పరిశీలించి చెప్పారు. పైగా ఆదాయానికి కాగితం లేనివాళ్లకు బ్యాంకు లోనే రాదు, వాళ్లకు లోన్ మీది సబ్సిడీ అక్కరకు రాదు.

అద్దె ఇళ్లు ప్రభుత్వం కట్టడమేంటి? ఎవరైనా సొంతిల్లే కోరుకుంటారు కదా?

సొంతిల్లు కోరుకోవడం సహజమే. కానీ పని కోసం ఈ ఏడు ఇక్కడ, వచ్చే ఏడు ఇంకెక్కడో ఉండేవాళ్లకు, ఒంటరి మహిళలకు, చదువుకునే పిల్లలకు, ముందస్తు డబ్బు కట్టలేనివాళ్లకు మంచి అద్దె ఇల్లే కావాలి.

వియన్నా ఈ దారిలో వందేళ్లుగా నడుస్తోంది. 1923లో ఇళ్ల మీద ఒక పన్ను వేశారు. పెద్ద భవంతులకు ఎక్కువ, చిన్న ఇళ్లకు నామమాత్రం. ఆ డబ్బుతో 1934 నాటికి 60 వేలకు పైగా ఫ్లాట్లు కట్టారు. వాటిలో కార్ల్ మార్క్స్ హోఫ్ 1930లో తెరిచారు. పొడవు కిలోమీటరుకు పైనే, 1,300కు మించి ఫ్లాట్లు. ఇంత కట్టినా స్థలంలో ఐదో వంతు కూడా భవనాలకు వాడలేదు. మిగిలింది తోటలు, పిల్లలు ఆడుకునే ఆవరణలు. లోపలే బట్టలు ఉతుక్కునే హాళ్లు, స్నానశాలలు, శిశు విద్యాలయాలు, గ్రంథాలయం. ఇవాళ వియన్నా వాసుల్లో దాదాపు సగం మంది నగరపాలక ఇళ్లలోనో, పరిమిత లాభంతో నడిచే సంఘాల ఇళ్లలోనో ఉంటున్నారు. ఆదాయ పరిమితి ఎక్కువగా ఉండటంతో టీచర్లు, నర్సులు, కార్మికులు ఒకే మెట్లు ఎక్కుతారు. అందుకే ఆ చిరునామా చెప్పుకోవడానికి ఎవరూ మొహమాటపడరు.

ఉన్న డబ్బుకు పూర్తి ఇల్లు రాదంటే ఏం చేయాలి?

చిలీలోని ఇకీకే పట్టణంలో ఈ చిక్కే వచ్చింది. నగరం మధ్యలో అర హెక్టారు జాగాలో సుమారు వంద కుటుంబాలు ఏళ్లుగా ఉంటున్నాయి. అక్కడి భూమి కొంటే మిగిలే సబ్సిడీకి సగం ఇల్లే వస్తుంది. ఆర్కిటెక్ట్ అలెహాంద్రో అరవేనా బృందం 2004 నాటికి ఆ సగమే కట్టింది, కానీ కుటుంబం సొంతంగా చేసుకోవడం కష్టమైన సగాన్ని ఎంచుకుంది. పునాది, భూకంపానికి తట్టుకునే గోడలు, వంటిల్లు, స్నానాల గది, మెట్లు. ఇంటికీ ఇంటికీ మధ్య అంతే వెడల్పు ఖాళీ వదిలారు. చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా కుటుంబాలు ఆ ఖాళీలో గదులు వేసుకున్నాయి. ఒకరు చెక్కతో, ఒకరు ఇటుకతో, ఒకరు కిటికీకి నీలం రంగు వేసి. దూరంగా పూర్తి ఇల్లు కంటే నడిబొడ్డున సగం ఇల్లు నయమని వాళ్లు నిర్ణయించుకున్నారు. నేనైనా అదే కోరుకుంటాను.

## పాత బస్తీల గురించి

బస్తీ ఖాళీ చేయించి శివార్లలో ఫ్లాట్లు ఇస్తే తప్పేంటి? పక్కా ఇల్లే కదా?

బస్తీలో ఇల్లు ఒక్కటే ఉండదు. ముందు గదిలో కుట్టు మిషను, పక్కింట్లో పిల్లను కాసేపు చూసే అమ్మమ్మ, నడిచి వెళ్లే దూరంలో నాలుగిళ్ల పని, అప్పు పెట్టే దుకాణం ఉంటాయి. ఎనిమిదో అంతస్తుకు మారిస్తే ఫ్లాటు వస్తుంది, ఇవన్నీ పోతాయి. దానికి తోడు లిఫ్టు కరెంటు బిల్లు, మెయింటెనెన్స్. కొన్నాళ్లకు ఫ్లాటు అద్దెకిచ్చి మళ్లీ ఇంకో బస్తీకి చేరినవాళ్లను తప్పుపట్టలేం. వరద ముంచే చోటో, కొండచరియ విరిగే చోటో ఉన్నప్పుడు తరలించక తప్పదు. అప్పుడు కూడా సాధ్యమైనంత దగ్గరికి.

ఉన్నచోటే బాగుచేయడం నిజంగా కుదిరే పనేనా?

కుదురుతుంది, కుదిరింది. జకార్తాలో 1969 నుంచి బస్తీల్లో ఇళ్లను ముట్టుకోకుండా నడకదారులు, కాలువలు, నీటి కుళాయిలు వేశారు. దారి బాగుపడ్డాక ఇళ్లను ఎవరికి వాళ్లు బాగుచేసుకున్నారు.

కరాచీలోని ఒరంగీలో 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ మొదలుపెట్టిన పని ఇంకా వివరంగా చెప్పాలి. మురుగు వీధిలోనే పారేది. మున్సిపాలిటీ చేయాలి అని అందరూ ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఆయన ఇరవై ముప్పై ఇళ్లుండే ఒక్కో సందును ఒక్కో సంఘంగా చేశారు. సందు వాళ్లే ఒకర్ని ఎన్నుకుని, ఇంటింటికీ డబ్బు పోగుచేసి, సర్వే, లెవెల్ చూడటంలో సాంకేతిక సాయం తీసుకుని, పైపు తామే వేసుకున్నారు. మధ్యలో కాంట్రాక్టరు లేకపోవడంతో ఖర్చు చాలా తగ్గింది. ఇంట్లో మరుగుదొడ్డి, సందులో కాలువ జనం బాధ్యత, పెద్ద కాలువ, శుద్ధి కేంద్రం ప్రభుత్వం బాధ్యత అని పంచుకున్నారు. లక్షకు పైగా ఇళ్లకు ఈ పద్ధతిలో మురుగు పారుదల వచ్చింది. ప్రభుత్వం తన వాటా చేయని చోట మాత్రం సందుల్లోని మురుగు వాగుల్లో కలిసింది.

కొలంబియాలోని మెడెయిన్ నగరంలో 2004లో కొండ మీది బస్తీకి కేబుల్ కారు వేసి కింది మెట్రోకు కలిపారు. అదీ ఉన్నచోట బాగుచేయడమే.

పట్టా చేతికిస్తే చాలా?

పెరూ 1996 తర్వాత కొన్నేళ్లలోనే 12 లక్షలకు పైగా పట్టాలు ఇచ్చింది. పట్టా చూపిస్తే బ్యాంకులు అప్పిస్తాయని ఆశ. ప్రైవేటు బ్యాంకుల అప్పు పెద్దగా పెరగలేదు. వేరే మేలు జరిగింది. ఎవరో వచ్చి ఆక్రమిస్తారన్న భయంతో ఇంటికి కాపలా ఉండేవాళ్లు బయటికి పనికి వెళ్లగలిగారు, ఇంటి మరమ్మతుకు ధైర్యంగా డబ్బు పెట్టారు. పట్టా అవసరమే, నీళ్లూ కాలువా దానితో కలిసి రావాలి. అమ్మేయమని ఒత్తిడి వచ్చే ఖరీదైన చోట్ల థాయిలాండ్ పద్ధతి బాగుంటుంది. అక్కడ 2003లో మొదలైన బాన్ మంకోంగ్ కార్యక్రమంలో రుణం ఒక్కొక్కరికి కాకుండా బస్తీ సహకార సంఘానికి ఇస్తారు, భూమి చాలాచోట్ల ఉమ్మడిగా ఉంటుంది.

కట్టిన పదేళ్లకే ప్రభుత్వ బ్లాకులు ఎందుకు పాడుబడతాయి?

కట్టడానికి బడ్జెట్ ఉంటుంది, నడపడానికి ఉండదు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ప్రూట్ ఐగో అనే సముదాయంలో 11 అంతస్తుల 33 బ్లాకులు ఉండేవి. 1954లో జనం చేరారు, 1972లో కూల్చడం మొదలైంది. నిర్వహణ ఖర్చు అద్దెల నుంచే రావాలన్నారు. నగరంలో పనులు తగ్గి, ఉండేవాళ్లు తగ్గి, అద్దెలు రాక లిఫ్టులు ఆగాయి, పైపులు పగిలాయి. ప్రాజెక్టు రిపోర్టులో ముప్పై ఏళ్ల మరమ్మతు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో రాసి ఉందా అని చూడండి.

## నీరు, ఎండ, విస్తరణ

లోతట్టు స్థలాల్లో చవకగా కట్టుకుంటుంటే ఎందుకు ఆపుతారు?

నీళ్లు తమ దారి మర్చిపోవు. చెరువు శిఖంలో, వాగు పక్కన చవకగా దొరికిన స్థలానికి మిగతా ధర మొదటి పెద్ద వానకు కట్టాల్సి వస్తుంది, అదీ ఇంట్లో సామానంతా తడిసి. ఆపాల్సింది అమ్మినప్పుడు, లేఅవుట్ వేసినప్పుడు. ఇళ్లు లేచాక పేదవాళ్ల మీద పడటం అన్యాయం. చైనా 2015లో 16 నగరాల్లో స్పాంజ్ నగరాల ప్రయోగం మొదలుపెట్టింది. వాన నీటిని పైపుల్లోకి తోసేయకుండా గుంటల్లో, తోటల్లో, నీరింకే బాటల్లో నిలపడం దాని ఉద్దేశం. అతి భారీ వానలను అది ఒక్కటే ఆపలేదని కూడా అక్కడే తేలింది, ఖాళీ చెరువు జాగాకు సాటి లేదు.

సిమెంటు వాడకం తగ్గించాలంటే ఇళ్లే కట్టకూడదా?

ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సిమెంటు ఒక్కదానిదే 7, 8 శాతం దాకా ఉంటుంది. కాబట్టి బాగున్న భవనాన్ని కూల్చకుండా మరమ్మతు చేయడం మొదటి పని. కొత్తది కడితే చిన్నగా, మధ్యస్థ ఎత్తులో, ఎండ గోడల మీద పడకుండా కట్టడం. భూగర్భ పార్కింగ్ అంతస్తులు తగ్గినా బోలెడు కాంక్రీటు మిగులుతుంది.

నగరం చుట్టూ పచ్చని వలయం గీసి అక్కడ కట్టడాలు నిషేధిస్తే విస్తరణ ఆగదా?

లండన్ చుట్టూ అలాంటి వలయం ఉంది. పొలాలు, అడవులు మిగిలాయి. లోపల ఇళ్లు తగినన్ని పెరగకపోవడంతో ధరలు పెరిగి, చాలామంది వలయం దాటి అవతలి ఊళ్ల నుంచి రోజూ రైలెక్కి వస్తున్నారు. కోపెన్‌హాగెన్ 1947లో వేరేలా ఆలోచించింది. చేతి వేళ్లలా ఐదు రైలు మార్గాల వెంట నగరాన్ని పెరగనిచ్చి, వేళ్ల సందుల్లో పచ్చదనం ఉంచింది. ఎక్కడ కట్టకూడదో చెప్పడంతో పాటు ఎక్కడ కట్టుకోవచ్చో కూడా చెప్పిన ప్లాన్ అది.

## ముసాయిదా బయటికి వచ్చాక

మా ఇల్లు ప్లాన్‌లో ఏ రంగులో ఉందో ఎలా చూసుకోవాలి? అభ్యంతరం చెబితే వింటారా?

ముసాయిదా ప్రకటించిన రోజు నుంచి అభ్యంతరాల గడువు నడుస్తుంది, అది చాలాసార్లు వారాల్లోనే ఉంటుంది. ముందు మ్యాపులో మీకు తెలిసిన గుడి, బడి, వంతెనలాంటి గుర్తు పట్టుకుని, అక్కడి నుంచి మీ వీధికి రండి. పక్కనున్న రంగుల పట్టీ చూసి మీ జాగా రంగు ఏమిటో రాసుకోండి. ఇంటి మీదుగా గీత వెళ్తుంటే రోడ్డు వెడల్పు ఎంతో అడగండి, ఆ గీత మీ గోడ దాకా వస్తుందో గదిలోకి వస్తుందో అప్పుడే తెలుస్తుంది.

అభ్యంతరంలో కోపం కంటే రుజువులు పనిచేస్తాయి. సర్వే నంబరు, పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఇంటి ఫొటో, చేత్తో గీసిన చిన్న పటం, గీత ఎటు జరిగితే బాగుంటుందో ఒక సూచన. ఒకే కాగితం మీద అందరి సంతకాల కంటే ఇంటికొకటి విడిగా ఇవ్వండి, ప్రతిదానికీ రసీదు తీసుకోండి. బూడిద రంగు గీత కింద పడిన ఆ సందు వాళ్లు అలాగే ముప్పై కాగితాలు ఇచ్చారు. తమ వెనుక వాడకంలో లేని గోదాముల వరస ఉందని పటం గీసి జతచేశారు. తుది ప్లాన్‌లో రోడ్డు ఆ గోదాముల వైపు జరిగింది, సందు పసుపు రంగులోకి వచ్చింది.